పూలకుండీకి రంగులు

ఇంటి ముంగిట నాలుగు పూలకుండీలున్నచో ఆ యింటికొక కళ వచ్చును. ఆ కుండీలకు ఇంటిలోని పిల్లలే రంగులు వేసినచో ఆ కళ ఇనుమడించును. అయినను కొందఱు పెద్దలు దీనిని కాలహరణమందురు. “అంగడిలో రంగుల కుండీలు దొరకుచుండగా ఈ శ్రమ యెందులకు?” అని వారి ప్రశ్న. నేను వారితో ఏకీభవింపను. కుండీకి రంగు వేయుట మంచి పనియే. కాని కుండీ స్వభావమును తెలిసికొని ఆ పని చేయవలెను. తెలియక చేసిన అలంకారము మొక్క ప్రాణము మీదికి వచ్చును.

ఈ సత్యమును నేను ఒక మల్లెమొక్కను పోగొట్టుకొని నేర్చితిని. నా చిన్ననాట ఒక పండుగకు క్రొత్త మట్టికుండీని తెచ్చి, తలుపులకు వేయగా మిగిలిన పచ్చని నూనెరంగును దానికి లోపలను వెలుపలను దట్టముగా పూసితిని. నీరు కాఱి అరుగు పాడగునని అడుగునున్న రంధ్రమును గూడ మూసి, మల్లెమొక్కను నాటితిని. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. నెల తిరుగక మునుపే ఆకులు పసుపువన్నెకు తిరిగెను. దాహమేమో యని మఱింత నీరు పోసితిని. మొక్క చనిపోయెను. మా నాయనమ్మ మట్టిని పెల్లగించి, కుళ్లిన వేళ్లను చూపి, “కుండీని చూచుకొన్నావు గాని మొక్కను చూడలేదు, నాయనా!” అనెను. ఆ మాట నేటికిని నా చెవులలో మ్రోగుచున్నది.

వేసవిలో మట్టికుండలోని నీరు చల్లబడుట మీరెఱిగినదే. కాల్చిన మట్టిలో కంటికి కానరాని సూక్ష్మరంధ్రములుండును. వాటిగుండ నీరు వెలికి ఊరి, ఆవిరియగుచు, లోపలి వేడిమిని గొనిపోవును. పూలకుండీలోని అధికమగు తేమయు ఇట్లే కొంత వెలుపలికి పోవును. వేళ్లకు నీరెంత అవసరమో గాలియు నంత అవసరము. నూనెరంగు ఆ సూక్ష్మరంధ్రములను కప్పివేయును. అడుగు రంధ్రము గూడ మూసినచో నీరు నిలిచి, మట్టి రేణువుల నడుమ గాలికి చోటు లేక వేళ్లు కుళ్లును.

అట్లయిన రంగులు మానవలెనా? మానవలదు. హరప్పా ప్రజలు సుమారు 4500 సంవత్సరములకు పూర్వమే ఎఱ్ఱని కుండలపై నల్లని రంగుతో రావి ఆకులను, నెమళ్లను చిత్రించిరి. మన పెండ్లిండ్లలో కుమ్మరి యింటినుండి తెచ్చెడి ఐరేని కుండలకు సున్నముతోను రంగులతోను సొగసులు దిద్దుదురు. మట్టిపై బొమ్మ తీర్చుట మనకు తరతరముల నాటి ముచ్చట.

కావున కుండీని కడిగి, ఎండలో బాగుగా ఆరనిండు. తడి యున్నచో రంగు పెచ్చులూడును. లోపలి వైపును, అడుగు రంధ్రమును ముట్టకుడు. వెలుపల అంచున నొక పట్టె, నడుమ నొక లత చాలును. తక్కిన మేనిని మట్టిరంగుననే విడువుడు. సున్నము, జేగురు మట్టికి తగినవి. పింగాణీ కుండీ గాజువలె నునుపైనది. గరుకు కాగితముతో రుద్దినగాని దానిపై రంగు నిలువదు. గోడలగుండ తేమ పోదు గనుక దానికి అడుగు రంధ్రము మఱింత ముఖ్యము. ఇండ్లలో వాడు రంగులందు సీసము పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. కావున అంతకు మునుపటి పాత డబ్బాల జోలికి పోవలదు.

అంగడి కుండీపై గీతలు తిన్నగా నుండవచ్చును. మీ గీత వంకరపోవచ్చును. అందులకు సిగ్గుపడ నక్కఱలేదు. తన చేత రంగు దిద్దిన కుండీని బాలుడు ప్రతిదినము చూచును. చూచినవాడు మొక్క వాడినచో గుర్తించును. ఆ శ్రద్ధయే ఈ పనికి ఫలము. కుండీకి అందము రంగు వలన కొంత రావచ్చును. అందు బ్రదికి పూచిన మొక్క వలననే అది పూర్ణమగును.