అందం మాటున ఆపద

పంట కాలువలో నీటికి బదులు పచ్చని తివాచీ కనిపించడం గోదావరి, కృష్ణా డెల్టాల రైతులకు కొత్త కాదు. గుర్రపు డెక్క అడ్డుపడి శివారు భూములకు నీరందకపోవడం, మురుగు కాలువలు పారక వానాకాలంలో వరి చేలు మునగడం తరచూ వినవచ్చే గోడే. కాలువలు కట్టివేసే వేసవిలో ప్రజాధనం వెచ్చించి తీయించిన డెక్క, నీరు వదిలాక కొద్ది వారాలకే మళ్లీ అల్లుకుంటుంది.

ఈ మొక్క మన నేలది కాదు. దక్షిణ అమెరికాకు చెందిన దీనిని 19వ శతాబ్దం చివరలో, ఊదారంగు పూలకు ముచ్చటపడి బెంగాలుకు తెచ్చారు. తోటల నుంచి చెరువులకు, అక్కడి నుంచి దేశమంతటా పాకింది. అనువైన నీటిలో రెండు వారాలకే రెట్టింపు కాగలదు. విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. రంగురంగుల గుత్తుల కోసం తోటల్లో నాటిన లాంటానా చరిత్ర కూడా ఇటువంటిదే. ఆ కంప నేడు అడవుల్లో గడ్డిని మొలవనీయడం లేదు. దాని ఆకు మేసిన పశువులు జబ్బు పడుతున్నాయి.

పెరటిలో పూలమొక్కలు పెంచుకోవడం మంచి అలవాటే. అయితే ఎంపికలో వివేకం అవసరం. నీటి తొట్టిలో పూలు కావాలంటే కలువ, తామర ఉండనే ఉన్నాయి. కంచెకు గోరింట, అడ్డసరం సరిపోతాయి. పూజకూ జడకూ నందివర్ధనం, పారిజాతం, మల్లె, కనకాంబరం ఉన్నాయి. నీడకు కానుగ, పొగడ ఉన్నాయి. తరతరాలుగా మన వాకిళ్లలో ఉన్న ఈ మొక్కలు ఏ రైతు నీటికీ అడ్డుపడలేదు.

ఇప్పటికే తొట్లలో డెక్క పెంచుతున్నవారు దానిని కాలువలోనో, చెరువులోనో పారవేయరాదు. నీటికి దూరంగా పూర్తిగా ఎండబెట్టి ఎరువు గుంటలో వేయడం క్షేమం. నర్సరీలలో ఏయే మొక్కలు అమ్ముతున్నారో ఉద్యాన శాఖ అధికారులు పరిశీలించాలి. పంచాయతీలు, పురపాలక సంఘాలు తమ పార్కులలో దేశవాళీ మొక్కలు నాటి ప్రజలకు దారి చూపాలి.

తొట్టిలో ఉండగా పిడికిలితో తీసివేయగల మొక్క, కాలువకు చేరాక యంత్రాలకు సైతం లొంగదు. మొక్క కొనేముందు ఒక్క క్షణం ఆలోచిస్తే, కాలువ చివరన నీటి కోసం ఎదురుచూసే రైతుకు అదే పెద్ద మేలు.