మధురవాణి ఎవరి సొత్తు?

ఒకరు సృష్టించిన పాత్రతో మరొకరు కథ అల్లడం మనకు కొత్త కాదు. భారతంలోని దుష్యంతుడు శకుంతలను గుర్తెరిగియే ఎరుగనన్నాడు. కాళిదాసు దుర్వాసుని శాపాన్ని తెచ్చి ఆ మరపునకు కారణం కల్పించాడు. మార్చాడు, కానీ మార్పుకు హేతువు చూపాడు. గురజాడ సైతం 1897 నాటి కన్యాశుల్కాన్ని 1909లో తిరగరాసి మధురవాణిని పెంచి పెద్దచేశారు. కనుక అభిమానులు రాసే అనుసరణ కథలను నేను ఆక్షేపించను.

నా పేచీ వేరు. సౌజన్యారావు పంతులు ముద్దుకు సిద్ధపడినా, ఆయన నియమం చెడరాదని మధురవాణే వారిస్తుంది. అట్టి స్త్రీని కేవలం ధనాశాపరురాలిగా చిత్రిస్తే, "ఈ మార్పుకు హేతువేది?" అని పాఠకుడు అడగకూడదా? అడిగినంతనే "నా మధురవాణి, నా ఇష్టం, నచ్చకుంటే చదవకండి" అనడం సమాధానమా? అంతగా మీదే అయితే పేరు మార్చి రాయండి. ఆ పేరు తెచ్చే ఆదరణ కావాలి, ఆ పేరు ఎరిగిన పాఠకుని ప్రశ్న మాత్రం వద్దంటే ఎట్లా?

ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్న క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలోనే కాళిదాసు శ్లోకాలలో సైతం అనౌచిత్యాన్ని ఎత్తిచూపాడు. కాళిదాసుకు తప్పని విమర్శ మనకు తప్పుతుందా?

విమర్శకులకూ ఒక మనవి. మూలంలో లేకపోవడమే దోషం కాదు. మూలంతో పొసగకపోవడం, పొసగనిదానికి కారణం చూపకపోవడం దోషం. ఆ దోషాన్ని చూపండి. రాసినవారి వయసునూ చదువునూ ఎత్తిపొడవకండి. అది విమర్శ కాదు, కయ్యం.