ప్యాకేజీ సరే.. కంపెనీకి గిరాకీ ఎవరు?

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటామని ప్రకటించింది. అప్పటి నుంచి నాచుపల్లి జేఎన్‌టీయూ అయినా, సిరిసిల్ల అగ్రహారం జేఎన్‌టీయూ అయినా, ఫైనలియర్ పిల్లల నోట ఒకటే మాట: 'ఐటీ పనైపోయింది, కోచింగ్‌కు పోదాం.' సర్కారు కొలువుకు ప్రయత్నించడం తప్పేం కాదు. కానీ భయపడి అటు పరిగెత్తేవాళ్లు ఒక్కసారి గ్రూప్-1 సంగతి గుర్తు చేసుకోవాలి. 2022లో నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ రెండుసార్లు పెట్టి రెండుసార్లూ రద్దు చేశారు. 2024లో 563 పోస్టులకు మళ్లీ కొత్త నోటిఫికేషన్. అశోక్‌నగర్ రూముల్లో ఆ రెండేళ్ల అద్దె ఎవరు కట్టారో ఆ అమ్మానాన్నలకే తెలుసు.

నన్ను ఆశ్చర్యపరిచేది ఇంకోటి. లే ఆఫ్ అంటే హైదరాబాద్‌లోనో అమెరికాలోనో జరిగేదని మన పిల్లలు అనుకుంటున్నారు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వాళ్లకు దీన్ని ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. పేరే వేరు.

సిరిసిల్లలో దాన్ని 'సాంచాలు బంద్' అంటారు. నూలు రేటు పెరిగినా, గుడ్డ గోదాముల్లోనే ఉండిపోయినా, సేఠ్ భీములు ఇవ్వడు. భీములు రాకపోతే ఆసామి సాంచా నడవదు. కార్మికుడికి కూలి మీటర్ల లెక్కన కాబట్టి సాంచా ఆగిన రోజే జీతం కూడా ఆగుతుంది. అతని వెనక వార్పింగ్, వైపని చేసేవాళ్లదీ అదే గతి. హెచ్ఆర్ నుంచి మెయిల్ రాదు, నోటీసు పీరియడ్ ఉండదు.

2017లో బతుకమ్మ చీరల ఆర్డరు మొదలయ్యాక ఏటా సుమారు కోటి చీరల పని దొరికింది. వలస పోయిన కొందరు తిరిగొచ్చారు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. 2024 మొదట్లో కొత్త ఆర్డర్లు లేక, పాత బకాయిలు రాక సాంచాలు మళ్లీ ఆగాయి. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డరు వచ్చాక పని మళ్లీ మొదలైంది. ఏ ప్రభుత్వం మంచిది అన్న చర్చ ఇక్కడొద్దు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు చూడాల్సింది వేరే ఉంది. ఊరి మొత్తానికి గిరాకీ ఒక్కరే అయినప్పుడు, ఆ ఒక్కరు చెయ్యి వెనక్కి తీసుకుంటే ఎంత పనిమంతుడైనా ఖాళీగా కూర్చోవాల్సిందే. అందులో అతని నైపుణ్యం లోపం ఏమీ లేదు.

మాదాపూర్‌లో ఏసీ ఆఫీసుకూ ఇదే లెక్క. ఒకే అమెరికా క్లయింట్ మీద నడిచే చిన్న సర్వీసు కంపెనీ నిజానికి ఒకే ఆర్డరు మీద నడిచే సాంచాల షెడ్డే. క్యాంపస్ ఇంటర్వ్యూలో 'మీకేమైనా ప్రశ్నలున్నాయా' అని అడిగితే మనవాళ్లు నవ్వి ఊరుకుంటారు, లేదంటే షిఫ్టుల గురించి అడుగుతారు. మీ క్లయింట్లు ఎంతమంది, ఏ దేశాల వాళ్లు, నన్ను పెట్టే ప్రాజెక్టు ఎన్నాళ్లది అని అడగండి. చెప్పడానికి నసిగితే అదీ సమాధానమే. ఆఫర్ లెటర్ చేతికొచ్చిందని మిగతా ప్రయత్నాలు ఆపొద్దు. 2022లో ఆఫర్లిచ్చి, జాయినింగ్ తేదీ కోసం ఏడాదికి పైగా ఎదురుచూయించిన కంపెనీలున్నాయి. ఖర్చు తగ్గించుకోవాలనుకున్న కంపెనీకి ఇంకా చేరని ఫ్రెషర్‌ని ఆపడం కంటే సులువైన పని లేదు.

ఇక ముత్యంపేట. కోరుట్ల, మెట్‌పల్లి వైపు చెరుకు రైతుల ఇళ్లల్లో ఆ పేరు చెప్తే ఇప్పటికీ మాట ఆగుతుంది. 2015 డిసెంబరులో నిజాం దక్కన్ షుగర్స్ బోధన్, ముంబోజిపల్లితో పాటు ముత్యంపేట ఫ్యాక్టరీకీ 'లే ఆఫ్' ప్రకటించింది. చట్టంలో ఆ మాటకు అర్థం ఉద్యోగం తీసేయడం కాదు, తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడం. అప్పుడు అర్హులైన కార్మికులకు మూల వేతనం, డీఏలో సగం ఇవ్వాలి. పూర్తిగా తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. దానికి నెల నోటీసు, పని చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారం. తాత్కాలికమన్న లే ఆఫ్ చివరికి లిక్విడేషన్ దాకా పోయింది. మూసేసిన గేటు ముందు 'తాత్కాలికం' అన్న మాటను ఎంతవరకు నమ్మాలో ఆ కార్మికులను అడగాలి.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీల్లాంటి చోట తీసివేతకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసే పరిమితి వంద మంది కార్మికుల నుంచి 300కు పెరిగింది. అంటే చిన్న సంస్థల్లో చేరేవాళ్లకు ఆ రక్షణ తగ్గినట్టే. మేనేజర్ హోదా వాళ్లకు ఈ పరిహారం నిబంధన వర్తించదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి 'వర్కర్' అవునా కాదా అన్న వాదన ఇంకా తెగలేదు. అందుకే అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు పీరియడ్ దగ్గర వేలు పెట్టి చదవాలి. పీఎఫ్ కడుతున్నారా, జీతం 21 వేల లోపైతే ఈఎస్ఐ ఉందా చూసుకోవాలి. ఈఎస్ఐ ఉంటే ఉద్యోగం పోయినప్పుడు, షరతులకు లోబడి, సగటు సంపాదనలో సగం 90 రోజుల వరకు వచ్చే పథకం ఉంది. తమంతట తాము మానేసినవాళ్లకు అది రాదు. 'మీరే రాజీనామా ఇచ్చేయండి, రిలీవింగ్ లెటర్ నీట్‌గా ఇస్తాం' అని హెచ్ఆర్ తీయగా చెప్పినప్పుడు సంతకం ముందు ఒక రాత్రి ఆగమనేది ఇందుకే.

ఇదంతా గల్ఫ్ పోయొచ్చిన ఇళ్లల్లో పెద్దలకు తెలుసు. 2009లో దుబాయ్ కుదేలైనప్పుడు కట్టడాలు సగంలో ఆగాయి. 2016లో చమురు ధర పడి సౌదీ ఓజర్ లాంటి పెద్ద నిర్మాణ కంపెనీయే నెలల తరబడి జీతాలివ్వలేకపోయింది. వేల మంది భారతీయులు క్యాంపుల్లో తిండికి కూడా ఇబ్బంది పడ్డారు. కంపెనీ వీసా, అకామా, జీతం స్లిప్పులు ఉన్నోళ్లకు కనీసం కేసు వేయడానికి కాగితం ఉండె. ఆజాద్ వీసా మీద పోయి ఖల్లివెల్లి అయినోళ్లకు అడగడానికి కంపెనీయే లేకపాయె. ఈ తేడా తెలిసిన నాన్నలు జగిత్యాల, కోరుట్ల ఊళ్లల్లో ఎంతమందో.

కానీ వాళ్ల పిల్లలే హైదరాబాద్‌లో ఉద్యోగం పోతే ఇంట్లో చెప్పరు. రోజూ బ్యాగు వేసుకుని రూము నుంచి బయటపడతారు, నెలనెలా అప్పు చేసి ఇంటికి డబ్బులు పంపుతారు. ఎడ్యుకేషన్ లోన్ వాయిదా తప్పితే బ్యాంకు వాళ్ల ఫోన్ గ్యారంటర్‌గా ఉన్న నాన్నకే పోతుంది, అప్పుడు తెలుస్తుంది. అంతకంటే మొదటి వారమే ఇంటికీ, బ్యాంకుకూ చెప్పడం మేలు. ఇంటర్వ్యూలోనూ అంతే. 'ప్రాజెక్టు మూసేశారు, మా టీమ్ మొత్తాన్ని తీసేశారు' అని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. లేని అనుభవం పెట్టి దొంగ సర్టిఫికెట్ కొంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతారు.

ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు దాన్ని వాట్సప్ స్టేటస్‌లో పెట్టే ముందు నాన్నకు చూపించండి. ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, చదివి వినిపించండి. రెండోసారి విమానం ఎక్కేముందు ఆయన ఏజెంటును ఏమడిగాడో మిమ్మల్నీ అవే అడుగుతాడు: జీతం బ్యాంకులో పడ్తదా, చేతికిస్తరా? పని లేనినాడు పైసలిస్తరా? మధ్యలో తీసేస్తే ఏమిస్తరు, ఎక్కడ రాసున్నది?