నేల టికెట్టుకు సమానత్వం అంటగట్టకండి

ఊళ్లో పాత సినిమా హాలు ఒకటి కూలిందంటే చాలు, వచ్చే ఆదివారానికి వ్యాసం సిద్ధం. రిక్షావాడూ కలెక్టరూ ఒకే కప్పు కింద ఒకే సినిమా చూశారట. చీకట్లో కులం లేదట, డబ్బు లేదట. మల్టీప్లెక్సులొచ్చి ఆ సమానత్వాన్ని మింగేశాయట. రాసేవాళ్లు మంచివాళ్లే గానీ, వాళ్లలో ఎక్కువమంది బాల్కనీ మెట్లెక్కినవాళ్లు. కింద గేటు దగ్గర టికెట్లు చింపినవాణ్ని కాబట్టి నాకు ఆ హాలు వేరేగా గుర్తుంది.

చదువుకునే రోజుల్లో, సెలవుల్లో, మా ఊరి హాల్లో గేటు పని చేశాను. మనుషులు ఒకరికొకరు తగలకుండా కట్టిన భవనం అది. బాల్కనీకి రోడ్డు వైపు మొజాయిక్ మెట్లు, గోడల మీద హీరోల ఫొటోలు. నేలకి పక్క సందు. మురిక్కాలవ దాటి వెళ్లాలి. బుకింగూ అంతే. నేల టికెట్టు కావాలంటే ఇనప గొట్టాల మధ్య ఇరుక్కుని, పిడికిలి పట్టేంత కంతలోకి చెయ్యి దూర్చాలి. ఒక్క కంతలో మూడు చేతులు. డబ్బులు లోపలికి వెళ్లేవి, చెయ్యి మాత్రం బయటికొచ్చేది కాదు. బాల్కనీ టికెట్లు కొన్ని అసలు కౌంటరుకే వచ్చేవి కావు. ఎస్సైగారింటికి, కరెంటాఫీసుకి, డాక్టరుగారికి మేనేజరు గదిలోంచే వెళ్లిపోయేవి.

లోపల నేలకీ బెంచీకీ మధ్య ఇనప కమ్మీ, బెంచీకీ కుర్చీకీ మధ్య మేము. గేటువాడి చేతిలో టార్చిలైటు సీటు చూపించడానికే అనుకుంటారు. ఆట మొదలయ్యాక దాని పని వేరు. బెంచి టికెట్టుతో కుర్చీలోకి జారినవాణ్ని వెతికి, ముఖం మీద లైటు కొట్టి, పెళ్లాం పిల్లలు చూస్తుండగా లేపి ముందుకి తోలాలి. సినిమా హాల్లో మనిషిని తగ్గించడమంటే తెరకి దగ్గరగా కూర్చోబెట్టడమే. 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగులోకి స్కోప్ వచ్చింది. తెరలు అడ్డంగా పెరిగాక ముందు కూర్చున్నవాడు హీరోని చూస్తే విలన్ కనపడడు, విలన్ని చూస్తే హీరో కనపడడు.

టికెట్టు మీద కులం రాసి లేదుగా అంటారు. లేదు. అయినా పేట నుంచి వచ్చినవాళ్లలో జేబులో డబ్బులుండీ కుర్చీ టికెట్టు అడగడానికి జంకినవాళ్లు ఉండేవారు. తను పనిచేసే ఆసామి బెంచీలో కూర్చుంటే తను వెనక కుర్చీలో ఎలా కూర్చుంటాడు? అందరూ ఒకే జోకుకి నవ్వారు కదా అంటారు ఇంకొందరు. నవ్వారు, ఆ నవ్వుతో నాకు పేచీ లేదు. నేలవాళ్ల ఈలలు బాల్కనీకి సినిమాతో పాటు వచ్చే ఉచిత వినోదం కూడా. శుభం పడ్డాక ఎవరి గేటు వాళ్లది.

మొన్నమొన్నటి దాకా ప్రభుత్వ కాగితాల్లోనూ ఈ అంతస్తులున్నాయి. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన 35వ నంబరు జీవోలో ఎకానమీ, డీలక్స్, ప్రీమియం అని మూడు తరగతులు. గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాలైతే ఎకానమీ 5 రూపాయలు. ఆ ధరకి కరెంటు బిల్లు కూడా రాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ధరల మీద నెలల తరబడి సాగిన రచ్చంతా నిర్మాత నష్టం, హీరో పరువు, ప్రభుత్వం కక్ష చుట్టూనే తిరిగింది. ఆ సీట్లో కూర్చునేవాడు ఎంత పెట్టుకోగలడని అడిగినవాళ్లు నాకైతే కనపడలేదు. 2022 మార్చిలో కొత్త జీవో వచ్చి కనీస ధర 20 అయింది, రచ్చ సద్దుమణిగింది.

మల్టీప్లెక్సు మింగిందంటున్న సమానత్వం అప్పుడే లేదు. నిజానికి అక్కడ అందరికీ ఒకటే గేటు, దాదాపు ఒకటే ధర. నేలని పూర్తిగా ఎత్తేస్తే మిగిలినవాళ్లు సమానంగా కనపడక ఏం చేస్తారు!

పాత హాలుకి నేను మార్కు వేసేది ఒక్కదానికే. కూలి డబ్బుల్లో కొంత పెట్టి, దెబ్బలు తిని లైన్లో నిలబడితే, రిక్షావాడు కూడా విడుదల రోజునే సినిమా చూడగలిగేవాడు. అది టికెట్టు ధర చేసిన మేలు, పక్కవాడి ఉదారత కాదు. 2024 డిసెంబరులో 'పుష్ప 2' విడుదలకి ముందు రోజు రాత్రి ఆటకి టికెట్టు మీద 800 రూపాయలు అదనంగా వసూలు చేసుకోమని తెలంగాణ ప్రభుత్వం అనుమతిచ్చింది. ముందు ఎవరు చూడాలో, ఎవరు ఆగాలో ఆ కాగితమే తేల్చేసింది. కూలిన హాళ్ల ముందు ఫొటోలు దిగి నేలక్లాసు గురించి కన్నీళ్లు పెట్టుకునే పెద్దలు ఆ 800 మీద ఒక్క వ్యాసం రాస్తే చదవాలని ఉంది.