యంత్రస్మృతిలో మన కులం

నిర్మల్‌లో నా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థిని గత నెల ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. తల్లి బీడీలు చుడుతుంది. ఇంటర్ నుంచి ఈ అమ్మాయి చదువంతా ప్రభుత్వ ఉపకార వేతనం మీదే నడిచింది. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కంపెనీకి దరఖాస్తు పంపాలి. ఇంగ్లిషులో లేఖ రాసిపెట్టమని ఫోనులోని ఏఐ చాట్‌బాట్‌ను అడిగింది. లేఖ చక్కగానే వచ్చింది. కాని రెండో పేరాలో, తాను షెడ్యూల్డు కులానికి చెందిన కుటుంబంలో తొలితరం పట్టభద్రురాలినన్న వాక్యం ఉంది. "సార్, నేనీ ముచ్చట దీనికి చెప్పనే లేదు. దీనికెట్ల తెలిసింది?" అని అడిగింది.

చెప్పింది. ఏడాది కింద ఉపకార వేతనం రెన్యువల్ ఆగిపోయినప్పుడు, అధికారికి వినతిపత్రం రాసిపెట్టమని ఇదే చాట్‌బాట్‌ను అడిగింది. అప్పుడు కులం చెప్పింది, తల్లి ఆదాయం చెప్పింది. పని అయిపోయింది, ఆమె మరచిపోయింది. యంత్రం మరచిపోలేదు.

ఇందులో మాయ లేదు. చాట్‌బాట్ జవాబు కూర్చేటప్పుడు మూడు చోట్ల నుంచి సరుకు తెచ్చుకుంటుంది. మొదటిది శిక్షణ సమయంలో మింగిన కోట్లాది పుటలు. రెండోది అప్పటికప్పుడు సాగుతున్న సంభాషణ. మూడోది, మన గురించి విడిగా దాచుకున్న జ్ఞాపకం. ఈ మూడోది కొత్తది. చాట్‌జీపీటీలో ఇది 2024 ఫిబ్రవరిలో కొద్దిమందికి మొదలైంది. 2025 ఏప్రిల్ నాటికి పాత సంభాషణలను తిరగేసి వాడుకునేంతగా పెరిగింది. దీన్ని చూడవచ్చు, తుడిచేయవచ్చు, పూర్తిగా ఆపేయవచ్చు. అయితే పాత సంభాషణను తొలగించినంత మాత్రాన దానిలోంచి దాచుకున్న జ్ఞాపకం పోదు. దాన్ని వేరే చోటికి వెళ్ళి తీసేయాలి. ఆ చోటు ఎక్కడుందో మా అమ్మాయికి తెలియదు. నిజం చెప్పాలంటే ఆ రోజు దాకా నాకూ తెలియదు.

ఆ ఒక్క వాక్యం ఉంటే ఏమవుతుంది అనేవారున్నారు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనాన్ని వారు చూడాలి. ఒకే రకం అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపితే, దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరున్న దానికంటే దాదాపు మూడింట ఒక వంతు తక్కువగా తేలింది. అక్కడ పేరు ఒక్కటే సూచన. ఇక్కడ యంత్రం కులాన్నే రాసి పెట్టింది. ఉపకార వేతనం అడిగేటప్పుడు హక్కుగా నిలిచిన మాట, రిజర్వేషన్ లేని ప్రైవేటు కంపెనీ బల్ల మీద ముద్రగా మారుతుంది.

అందుకే యంత్రానికి కులమే తెలియకుండా చేయాలని కొందరు మిత్రులు అంటున్నారు. కులం అడగకపోతే కులం ఉండదన్న పాత వాదనకు ఇది కొత్త చొక్కా. యంత్రానికి ఎవరూ చెప్పకముందే కులం తెలుసు. మొదటి చోటు నుంచి, అంటే మన సమాజం రాసిపెట్టుకున్న పుటల నుంచి అది నేర్చుకున్నది. ఒక దళిత పరిశోధకుడు ఫెలోషిప్ దరఖాస్తులో ఇంగ్లిషు సరిచేయమంటే చాట్‌బాట్ అతని ఇంటిపేరునే 'శర్మ'గా మార్చేసిన ఉదంతాన్ని ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక 2025 అక్టోబరులో బయటపెట్టింది. పరిశోధకుడంటే శర్మ అయి ఉంటాడన్నది యంత్రం ఊహ. ఒక చోట లేని కులాన్ని అంటగట్టింది, మరో చోట చెప్పనక్కరలేని కులాన్ని చాటింది. (నిర్మల్ గురించి అడిగితే కొయ్యబొమ్మలు, చిత్రకళ గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పింది. 1860లో ఇక్కడే ఉరితీసిన రాంజీ గోండు పేరు నేను అడిగాకే వచ్చింది. ఆ పుటల్లో ఆదివాసీ వాటా ఎంతో దీన్నిబట్టే ఊహించవచ్చు.)

కులాన్ని దాచిపెట్టడం కూడా మన ఉద్యమాలు కోరుకున్నది కాదు. 1994లో దండోరా మొదలైన తరువాత వేలాదిమంది తమ పేరు చివర 'మాదిగ' అని తలెత్తుకుని రాసుకున్నారు. తిట్టుగా వాడిన మాటను బిరుదు చేసుకున్నారు. అక్కడ చెప్పినవాడు, చెప్పే సందర్భాన్ని ఎంచుకున్నవాడు ఒక్కడే. తన కులాన్ని తాను చెప్పుకోవడం వేరు, తన వెనుక మరొకరు చెప్పడం వేరు. యంత్రం జ్ఞాపకం గురించిన చర్చలో నేను పట్టుబట్టేది ఈ తేడా మీదే.

జ్ఞాపకానికి పాతబడే గుణం కూడా ఉంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ అమలులోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా విభజించారు. అంతకుముందు 'ఎస్సీ, 15 శాతం' అని గుర్తు పెట్టుకున్న చాట్‌బాట్ ఈనాటి అభ్యర్థికి ఆ లెక్క మీదే సలహా ఇస్తే, నష్టపోయేది అభ్యర్థే.

ఫోను సొంతదైన అమ్మాయి కథ ఇది. సొంత ఫోనులో ఇంగ్లిషు మెనూ చదవలేనివారి కథ మరొకటి. మా ఊళ్ళో కార్యాలయాల దగ్గర ఇంటర్నెట్ దుకాణాలున్నాయి. "అన్నా, జర అర్జీ రాసి పెట్టు" అంటూ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు అక్కడ వరుస కడతారు. రాసేది ఇప్పుడు చాట్‌బాటే. ఖాతా మాత్రం దుకాణం యజమానిది. నాకు తెలిసిన ఒక దుకాణంలో, యజమాని అనుమతితోనే, ఆ ఖాతాలో దాచుకున్న జ్ఞాపకాలను తెరిచి చూశాము. వాటి ప్రకారం ఖాతాదారుడు నాయక్‌పోడ్ తెగవాడు, బీడీ కార్మికుడు, వితంతు పింఛను కోసం ఎదురుచూస్తున్నాడు, వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటాడు, ఎకరం పోడు భూమికి పట్టా అడుగుతున్నాడు. ఐదు కుటుంబాల కష్టాలు కలిసి ఒక మనిషి అయ్యాయి. యజమాని మంచివాడు. "ఇదంత జమైతున్నదని నాకెర్కలేదు సార్" అన్నాడు. ఆయన చెడ్డవాడైతే ఏమిటన్నది వేరే ప్రశ్న.

నా వయసువారికి ఇది చూస్తే పట్వారీ దస్తరం గుర్తుకొస్తుంది. ఊరి భూమి లెక్కంతా ఒక ఇంట్లో, ఒక గుడ్డమూటలో ఉండేది. ఎవరి పేరు పహాణీలో ఉందో చెప్పేది ఆయనే, చెప్పకపోయేదీ ఆయనే. ఆ పదవి ఎక్కువగా ఏ కులాల చేతిలో ఉండేదో తెలంగాణ పల్లెకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1984లో ఆ వ్యవస్థను రద్దు చేశారు. దస్తరం ఇప్పుడు మన ఊరి పొలిమేరలోనే లేదు.

ప్రభుత్వం చేతిలోని జ్ఞాపకం ఏం చేయగలదో ఈ రాష్ట్రం ఇప్పటికే చూసింది. సమగ్ర వేదిక అన్న వ్యవస్థ వివిధ శాఖల రికార్డులను కలిపి, పేరూ చిరునామా పోల్చి, ఇద్దరు ఒక్కరేనా కాదా అని తేలుస్తుంది. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి కారున్నదని యంత్రం నిర్ధారించింది. ఆ కారు దాదాపు అదే పేరున్న మరొకరిది. ఆ కుటుంబం రేషన్ కోసం ఏళ్ళ తరబడి తిరిగింది. మా దుకాణం ఖాతాలో ఐదుగురు ఒకరైనట్టే అక్కడ ఇద్దరు ఒకరయ్యారు. రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

అదే రాష్ట్రం 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. కులాలవారీ లెక్కలను మాత్రం అధికారికంగా ప్రజల ముందు పెట్టలేదు. ఎవరెంతమందో తెలిస్తే అధికారంలో వాటా అడుగుతారు. కనుక సమూహాన్ని మరచిపోయారు, వ్యక్తిని గుర్తు పెట్టుకున్నారు. కావలసింది దీనికి సరిగ్గా తలకిందులు. 2024 నవంబరులో మొదలైన కుల సర్వే ఆ దిశలో ఒక అడుగు. బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అన్న లెక్క బయటకు వచ్చింది. ఆ లెక్క ఎల్లకాలం గుర్తుండాలి. దానికోసం ఇంటింటా ఇచ్చిన వ్యక్తిగత వివరాలు మరే యంత్రానికీ జ్ఞాపకం కాకూడదు.

చట్టం మనకు పెద్దగా తోడు రావడం లేదు. 2019 నాటి వ్యక్తిగత డేటా బిల్లులో కులం, తెగ సున్నితమైన సమాచారమని స్పష్టంగా ఉండేది. 2023లో ఆమోదించిన చట్టంలో సున్నితమైన సమాచారం అన్న విభాగమే లేదు. అంటే నా కులమూ నా ఈమెయిల్ చిరునామా దాని దృష్టిలో ఒకటే. సమాచారాన్ని తుడిచేయమని అడిగే హక్కు ఉంది, తెలుగుతో సహా ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో నోటీసు కోరే హక్కూ ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు మరో 18 నెలల గడువిచ్చారు. సబ్సిడీలు, ధ్రువపత్రాల పేరిట ప్రభుత్వానికి మాత్రం సమ్మతి తీసుకోకుండానే సమాచారాన్ని వాడుకునే వెసులుబాటు ఉంది.

విద్యార్థులు ఈలోగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. నా గురించి నీకేం గుర్తుందని చాట్‌బాట్‌నే తెలుగులో అడగండి. అది చెప్పిన దాన్ని మాత్రమే నమ్మక, సెట్టింగ్స్‌లోని జాబితాను చూడండి. కులం, రోగం, అప్పు ప్రస్తావించే పనికి తాత్కాలిక సంభాషణ వాడండి. ఒకరి ఫోనులో మరొకరి అర్జీ రాస్తే పని కాగానే తుడిచేయండి. కాని ఈ భారమంతా బీడీలు చుట్టే తల్లి మీద, ఆమె కూతురి మీద వేసి కంపెనీలు తప్పుకోవడాన్ని నేను అంగీకరించను. కులం చెప్పిన సంభాషణ ముగియగానే ఆ సంగతి దానంతటదే పోవాలి. ఉంచుకోవాలంటే యంత్రం అడగాలి, మన భాషలో అడగాలి.

ప్రభుత్వాన్ని అడగవలసింది ఇంకా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరిలో 'మన మిత్ర' పేరుతో పౌరసేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది, తెలంగాణలో మీసేవ కూడా అదే బాట పట్టింది. కుల ధ్రువపత్రం కోసం రేపు మనం మాట్లాడబోయేది యంత్రంతోనే. అది ఏ రికార్డులను తెరిచి చూస్తుంది? మన మాటను ఎన్నాళ్ళు ఉంచుకుంటుంది? కుల సర్వే వివరాలకు దానికి దారి ఉందా? ఈ మూడింటికీ జవాబును శాసనసభ ముందు పెట్టాలి.

మా అమ్మాయి ఆ వాక్యాన్ని లేఖలోంచి కొట్టేసింది. జ్ఞాపకాల జాబితా తెరిచి కులం ఉన్న వరుసను తొలగించింది. అన్నీ తీసేయమంటావా అమ్మా అని అడిగితే వద్దన్నది. ఉపకార వేతనం దరఖాస్తు ఎక్కడ ఆగిందో, ఏ కాగితం తక్కువైందో ఉన్న వరుసను అలాగే ఉంచింది. తమ్ముడు వచ్చే ఏడు డిగ్రీలో చేరతాడట.