అంగిలి మచ్చ - గోధుమ రంగు సాక్ష్యం

చుట్ట వెలిగించి, నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని కాల్చడాన్ని మన విశాఖ, శ్రీకాకుళం తీర గ్రామాల్లో అడ్డపొగ అంటారు. ఈ అలవాటు స్త్రీలలోనే ఎక్కువ. నిప్పు వేడి, పొగాకు విషం రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. అందుకే ఇతర చోట్ల అరుదైన అంగిలి కాన్సర్ ఇక్కడ కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణుల నోళ్ళు పరీక్షించిన పిండ్‌బోర్గ్, మెహతా బృందం 1971లో ఆ వివరాలు ప్రకటించింది.

ఇలాంటి మచ్చల్లోని కణాలను పరిశీలించేటప్పుడు శాస్త్రజ్ఞులు వెతికేవాటిలో పి53 అనే మాంసకృత్తు ఒకటి. దీన్ని 1979లో కనుగొన్నారు. మొదట ఇది కాన్సర్‌ను పెంచుతుందనుకున్నారు. కణితిని అణిచేదని 1989లో తేలింది. డి.ఎన్.ఎ. దెబ్బతింటే ఇది కణవిభజనను ఆపుతుంది. మరమ్మతు సాధ్యం కాకపోతే ఆ కణాన్ని చంపిస్తుంది. మానవుల కాన్సర్లలో సుమారు సగంలో దీని జన్యువు చెడి ఉంటుంది.

మరి పి53ను చూడటం ఎలా? 1975లో కోలర్, మిల్‌స్టీన్‌లు ప్రతిరక్షకాలు తయారుచేసే ఎలుక కణాన్ని, ఆగకుండా పెరిగే కాన్సర్ కణంతో కలిపారు. ఆ సంకర కణం సంతతి అంతా ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఇస్తుంది. అదే మోనోక్లోనల్ యాంటీబాడీ. కాన్సర్ కణం చేతనే కాన్సర్ జాడ చెప్పించారన్నమాట! వారికి 1984లో నోబెల్ బహుమతి లభించింది.

డిఓ-7 అనే ప్రతిరక్షకం పి53కి అంటుకుంటుంది. తర్వాత రంగు రసాయనం చేరిస్తే కణకేంద్రకం గోధుమ రంగుకు మారుతుంది. మంచి పి53 నిమిషాల్లో విచ్ఛిన్నమవుతుంది కనుక రంగు అంతగా రాదు. చెడినది పేరుకుపోయి ముదురు రంగునిస్తుంది.

అయితే రంగు వస్తే కాన్సర్, రాకపోతే క్షేమం అనుకోరాదు. డిఓ-7 మంచిదానికీ, చెడ్డదానికీ అంటుకుంటుంది. జన్యువు పూర్తిగా పోతే పి53 తయారే కాదు, రంగూ రాదు. అన్నంపై అయోడిన్ వేస్తే పిండిపదార్థం ఉందని తెలుస్తుంది గాని, అన్నం పాచిపోయిందో లేదో తెలియదు కదా! అందుకే నిపుణులు ఇతర పరీక్షలతో పోల్చిగాని తీర్పు చెప్పరు.

ఇంకొక మాట. ఎవరో ఒకరు నోరు తెరిపించి చూసి, అంగిలి నుంచి చిన్న ముక్క తీసి పంపితేనే ఈ పరీక్ష జరుగుతుంది. మన దువ్వాడకు దగ్గరలోనే అగనంపూడిలో హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉంది. కాని అక్కడిదాకా వెళ్ళాలంటే ముందు ఇంట్లో ఎవరైనా గమనించాలి. ప్రతిరక్షకం కంటే ముందు కావలసింది టార్చిలైటు అని నా అభిప్రాయం. అంతకన్నా ముందు కావలసింది చుట్ట మానడం. శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారికి నచ్చజెప్పిన ఫలితాలు 1986లో వెలువడ్డాయి. అలవాటు మానినవారిలో, తగ్గించినవారిలో కొత్త మచ్చలు తగ్గాయి.

మీ అమ్మమ్మో, నాయనమ్మో అడ్డపొగ కాలుస్తుంటే కోప్పడకండి. ఈ సంగతి చదివి వినిపించండి. అంగిలిపై తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మానని పుండు ఉంటే వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళమని ఇంట్లో పెద్దలకు చెప్పండి. మీ మాట వారు వింటారు.