రాయడం ఒక పని, దిద్దడం ఇంకో పని

మూడు వారాల్లో నవల! జాక్ కెరువాక్ పేరు ఎత్తగానే చెప్పుకునే కథ ఇదే. 1951 ఏప్రిల్‌లో కాగితాలు అతికించి, సుమారు 120 అడుగుల చుట్ట చేసి, టైప్‌రైటర్‌కి ఎక్కించి ‘ఆన్ ద రోడ్’ కొట్టేశాడు. అయితే ఆ పుస్తకం అచ్చయింది 1957లో. చుట్టకు ముందు నోట్‌బుక్కులు నింపుకున్నాడు, తర్వాత దిద్దుకుంటూ వచ్చాడు. మనకు గుర్తుండిపోయింది మాత్రం ఆ మూడు వారాలే.

ఆంథనీ ట్రోలప్‌ది ఇంకో పద్ధతి. బ్రిటన్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే రాసేవాడు. పొద్దున్నే 5.30కి కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని, 15 నిమిషాలకు 250 పదాలు. తిరగరాయడం తక్కువే. కానీ ముందురోజు రాసింది అరగంట చదివాకే కొత్తది మొదలుపెట్టేవాడు. అలా 47 నవలలు పూర్తి చేశాడు.

హెమింగ్వే? ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ చివరి పేజీని 39 సార్లు తిరగరాశానన్నాడు. 2012లో వచ్చిన ఎడిషన్‌లో 47 ముగింపులు అచ్చు వేశారు. ఇక హార్పర్ లీ 1957లో ఇచ్చిన రాతప్రతిని ఎడిటర్ టే హోహాఫ్ ఉన్నదున్నట్టు తీసుకోలేదు. రెండేళ్లకు పైగా పని చేయించారు. అందులోంచే 1960లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్ వచ్చింది.

నలుగురివీ నాలుగు దారులు. ఏది కరెక్ట్ అని అడిగితే జవాబు లేదు. కానీ రాసింది మళ్లీ చదవకుండా పంపినవాళ్లు మాత్రం ఇందులో లేరు.

ఇదంతా జాబ్ వెతుక్కునే మనకెందుకంటారా? ఇప్పుడు మొదటి డ్రాఫ్ట్ చాలా చవక. రెజ్యూమె, కవర్ లెటర్, ప్రాజెక్ట్ రిపోర్ట్, చివరికి కోడ్ కూడా ఏఐ టూల్ నిమిషంలో ఇచ్చేస్తుంది. మీ పక్క సీటువాడి దగ్గరా అదే డ్రాఫ్ట్ ఉంటుంది. తేడా వచ్చేది రెండో చదువులోనే. ‘ఈ లైన్ ఎందుకు రాశారు? ఈ ఫంక్షన్ ఇలా ఎందుకు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, దిద్దినవాళ్లే నోరు తెరవగలరు. మిగతావాళ్లకు అది తమ పేరు మీదున్న వేరేవాళ్ల రాత.

స్టీఫెన్ కింగ్ డ్రాఫ్ట్ పూర్తయ్యాక కనీసం ఆరు వారాలు డ్రాయర్‌లో పడేయమంటాడు. రెండో డ్రాఫ్ట్ మొదటిదానికంటే 10 శాతం తగ్గాలంటాడు. క్యాంపస్ డ్రైవ్ ముందు మీకు ఆరు వారాలు దొరకవు. ఒక్క రాత్రి చాలు. ఈరోజు రాయండి, ఫైల్ మూసేయండి. రేపు పొద్దున పైకి చదవండి. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ దిద్దండి. వివరించలేని మాట కనిపిస్తే కొట్టేయండి. మన హోహాఫ్‌గా మొహమాటం లేని ఒక ఫ్రెండ్‌ని వెతుక్కోండి. ‘సూపర్ రా’ అనేవాడు కాదు, ‘ఇది అర్థం కాలేదు’ అనేవాడు.

సబ్మిట్ బటన్ ఆ తర్వాతే నొక్కండి.